ఆడబిడ్డ గుండం దగ్గర నేను గెలిచిన వాదన

మా స్విమ్మింగ్ బ్యాచ్‌లో ఈ కథ చెప్పేది ఎప్పుడూ బ్యాంకు మేడమే. ఎవరింట్లో గృహప్రవేశమైనా, ఎవరి కూతురి సీమంతమైనా, పులిహోర ప్లేటు చేతికి అందడమే ఆలస్యం, మొదలుపెడుతుంది.

"మా లాయరమ్మ గారు ఆ రోజు ఆ ఊరి పెద్దాయనకి పెట్టిన గడ్డి చూడాలండీ! కార్తీకమాసం వనభోజనాలకి వెళ్లామా, అక్కడో గుండం ఉంది. మన పీకో చెల్లి ఈత కొడదామని దిగబోతే ఆయన చీదరించుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఆడది దిగితే నీళ్లు మైల పడతాయంట! ఈవిడ ఊరుకుంటారా ఏంటి? ఊరంతా చూస్తుండగా నిలబెట్టి అడిగేశారు. ఆయన నోట్లోంచి ఒక్క మాట వస్తే ఒట్టు."

వింటున్నవాళ్లు నావైపు తిరిగి మెచ్చుకోలుగా తలలూపుతారు. మొన్న పంజాగుట్టలో ఒక ఫంక్షన్‌లో ఒకామె నా చెయ్యి పట్టుకుని "మీలాంటివాళ్లు ఇంటికొకరుండాలి" అంది. ఇంటికొకరుంటే ఆ ఇళ్లేమవుతాయో ఆమెకు తెలియదు.

ఆ కథలో నిజం చాలా తక్కువ. మైల అన్న మాట అక్కడ ఎవరూ అనలేదు, అది బ్యాంకు మేడమ్ సొంత సరుకు. పెద్దాయన చీదరించుకోలేదు. ఊరంతా అక్కడ లేదు, కంచె పాతుతున్న కొద్దిమంది మగవాళ్లున్నారు, అంతే. ఆయన నోట్లోంచి మాట రాలేదన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. మాట వచ్చింది. అది రాకుండా ఉంటే ఇవాళ నేను ఇదంతా రాస్తూ కూర్చునేదాన్ని కాదు. పైగా బ్యాంకు మేడమ్ అసలు గుండం దగ్గరికే రాలేదు. మోకాళ్ల నొప్పులని దారిలోనే చెట్ల నీడలో చాప పరుచుకుని కీరాలు కోస్తూ కూర్చుంది.

నేను సరిదిద్దబోతే "మీరు మరీ మొహమాటస్తులండీ" అంటుంది. నాకు మొహమాటం ఉందని ఇన్నేళ్లలో అన్న మనిషి ఆమె ఒక్కతే.

ముందు నా సంగతి చెప్పాలి. నేను లాయర్ని కాదు. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం, ఇల్లు అమీర్‌పేటలో. మా తాత ఊరు విడిచి ఇక్కడికి వచ్చాడు. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. ఊరంటే నాకు సినిమాల్లో చూసిందే. మైత్రీవనం వెనక సందుల్లో ఒక పాత స్విమ్మింగ్ పూల్ ఉంది. మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు, ఇంకెవరికీ అక్కర్లేని ఒక గంట, ఆడవాళ్లకిస్తారు. ఒక వేసవిలో పిల్లల సమ్మర్ క్యాంపు పెట్టి ఆ గంట కూడా మింగేయబోతే కౌంటర్ దగ్గర నిలబడి నేను గొడవ చేశాను. తడి కాళ్లతో, నెత్తిమీద రబ్బరు క్యాప్‌తో, టవల్ చుట్టుకుని. మా గంట మాకొచ్చింది. అప్పటినుంచి నేను లాయరమ్మను.

మా బ్యాచ్‌లో ఎవరికీ పేర్లు లేవు. క్యాపులు, గాగుల్స్ పెట్టుకుంటే అందరం ఒకేలా ఉంటాం, అందుకని చేసే పనితో పిలుచుకుంటాం. బ్యాంకు మేడమ్, టీచరక్క, పీకో చెల్లె. ఈ పీకో చెల్లెకు మార్కెట్ సందులో, గాజుల దుకాణానికీ జిరాక్స్ సెంటర్‌కీ మధ్య ఇరుక్కున్నంత షాపు ఉంది. చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది, జాకెట్లు కుడుతుంది. నాకంటే చిన్నది, మాట మెత్తన. మా ఇద్దరికీ ఎలా కుదిరిందంటే నేను మాట్లాడతాను, ఆమె వింటుంది. అలాంటి స్నేహాలే నాకు నిలుస్తాయి.

మిగతా అందరం షుగర్ కోసమో, థైరాయిడ్ కోసమో, డాక్టర్ చెప్పాడనో వచ్చినవాళ్లం. నీళ్లమీద తేలితే చాలు మాకు. పీకో చెల్లె ధ్యాసంతా అడుగునే. ఊపిరి ఎట్ల బిగబట్టాలి, నీళ్లలో కళ్లెట్ల తెరవాలి, మీదినుంచి నీళ్లు పడుతుంటే కింది నుంచి ఎట్ల పోవాలి, కోచ్‌ను ఇవే అడిగేది. కోచ్ విసుక్కునేది. "అందరు మీదికి రానీకి ఏడుస్తరు, నువ్వేందమ్మా కిందికి పోతనంటవ్?"

ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో జుట్టు పిండుకుంటూ నాకు చెప్పింది.

"అక్కా, ఒక ముచ్చట చెప్త. నవ్వద్దు మల్ల."

ఆమె పుట్టినూరు వికారాబాద్ దాటి గుట్టల్లోపల ఉంది. ఆ గుట్టల్లో ఆడబిడ్డ గుండం అని ఒక నీటి గుండం ఉంది. వెనకటికి ఆ ఊరి ఆడపిల్ల ఒకతె అత్తగారింట్లో పడలేక మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ పుట్టింటికి వచ్చిందట. అన్నలు గడపలో కూర్చుని ఉన్నారు. పెద్దన్న "ఎవ్వరు రమ్మన్నరు?" అని అడిగాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ పిల్ల జవాబు చెప్పకుండా, గుక్కెడు నీళ్లయినా తాగకుండా వెనక్కి తిరిగి పోయి గుండంలో దిగింది. మీదినుంచి పడే నీళ్లు తలుపులా మూసుకున్నాయి. అన్నలు ఉరికొచ్చి ఎంత పిలిచినా నీళ్ల వెనకనుంచి గాజుల చప్పుడు వినబడింది కానీ పిల్ల బయటికి రాలేదు.

అప్పటినుంచి ఆ ఊళ్లో ఏ ఆడపిల్ల పెళ్లయి వెళ్లినా, తల్లి ఆ పిల్ల గాజులు రెండు తెచ్చి గుండంలో వేస్తుంది. లోపలున్న ఆడబిడ్డ వాటిని నీళ్ల వెనక ఒక రాతి అరుగుమీద పెట్టుకుని కాపాడుతుందని నమ్మకం. ఎవరూ చూసింది లేదు. ఆడవాళ్లకు ఈత రాదు. మగవాళ్లు అది ఆడబిడ్డ ఇల్లని దిగరు.

"నన్ను గన్న మా అవ్వ నా గాజులు సుత ఏసింది. పానం బాగలేనప్పుడు మంచంల పండుకోని ఒకటే అడిగేది, 'నా బిడ్డ గాజులు ఆడనే ఉన్నయా, కొట్టుకపోయినయా' అని. ఉన్నయే అని చెప్పిన. చూడకుంటనే చెప్పిన. ఆమె పోయింది. నాకు ఒక్కసారి నీళ్ల ఎన్కకు పోయి చూడాల్నని ఉంది."

నవ్వలేదు కానీ ఊరుకోనూ లేదు నేను. నీళ్ల ఒరిపిడికి రాయి అరిగి లోపల గుహలా అవుతుందని, గాజు పెంకులు ఎప్పుడో ఇసుకలో కలిసిపోయి ఉంటాయని, అసలు పుట్టింటికొచ్చిన పిల్లను తరిమేసి ఆమెను దేవతను చేసుకోవడం మన మగవాళ్లకు అలవాటేనని, తల తుడుచుకోవడం అయ్యేదాకా క్లాసు పీకాను. ఆమె అంతా విని "గట్లనే ఉంటదేమో అక్కా. అయినా చూస్త" అంది.

ఆ వానాకాలం పట్నం నుంచి వెళ్లిన పోరగాళ్లు రీల్స్ తీసుకుంటూ ఆ గుండంలో మునిగి చనిపోయారు. ఇక ఎవ్వర్నీ దిగనివ్వద్దని ఊరు తీర్మానం చేసింది. చుట్టూ ఇనుప కంచె, ఒక గేటు, గేటుకు తాళం. కార్తీక పున్నమి దాటితే తాళం పడుతుందని వాళ్ల వదినె ఫోన్ చేసి చెప్పింది. పీకో చెల్లె గాబరాపడి నా దగ్గరికొచ్చింది.

"ఒక్కదాన్నే పోతే ఎందుకొచ్చినవ్ అంటరు. అందరం కలిసి పోతే పిక్నిక్ అయితది గద అక్కా."

వనభోజనాలు అలా పుట్టాయి. టెంపో మాట్లాడింది నేను, అందర్నీ పోగుచేసింది నేను. అసలు సంగతి తెలిసింది మాత్రం నా ఒక్కదానికే. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కొంచెం గర్వం వస్తోంది, దాని వెనకే సిగ్గూ వస్తోంది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఎండ ముదరకముందే ఊరు చేరాం. వాళ్ల వదినె వాకిట్లో చాయ్ ఇచ్చింది. ఆ ఊరి బడిలో టీచర్ ఆమె. చూపు సూటిగా ఉంది, నోరు కూడా సూటిదేనని మధ్యాహ్నం తెలిసింది. అరుగుమీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, తెల్ల ధోవతి, చేతిలో కర్ర. పీకో చెల్లెకు పెద్దబాపు, అంటే వాళ్ల నాన్నకు అన్న. వదినెకు మామ. గుండం దగ్గర మంచీచెడ్డా చూసుకునేది ఆయనే. కంచె వేయాలన్న తీర్మానానికి ముందు నిలబడిందీ ఆయనేనట.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న పెద్దబాపు."

ఇంతే వాళ్ల మాటలు. ఆమె సంచిలోంచి గాగుల్స్ పట్టీ బయటికి వేలాడుతోంది. ఆయన దానివైపు చూశాడు. చూసి, ఏమీ అడగకుండా, వాకిట్లో కోడిని అదిలిస్తూ అన్నాడు. "ఎండ ముదరకముందే పోయి రార్రి. రాళ్లు కాల్తయి."

నాకు అది వాతావరణం గురించిన మాటలాగే వినబడింది.

టెంపో దిగి సీతాఫలం చెట్ల మధ్య కొంతదూరం నడవాలి. బ్యాంకు మేడమ్, ఆమెతోపాటు చాలామంది చెట్ల నీడ దొరకగానే ఆగిపోయారు. చివరికి గుండం దాకా వెళ్లింది పీకో చెల్లె, నేను, ఇంకా ఒకరిద్దరు. గుడి లేదు, జెండా లేదు, కొబ్బరి చిప్పలు కూడా లేవు. బండ మధ్యలో పెద్ద గిన్నెలా ఒక గొయ్యి, చాయ్ డికాషన్ రంగు నీళ్లు. పైనుంచి సన్నటి తెల్లటి పరదాలాగా నీళ్లు జారుతున్నాయి. ఆ పరదా వెనక నలుపు. నేను కూడా చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను, అబద్ధమెందుకు.

ఒడ్డున ఇనుప కడీలు అప్పటికే పాతేశారు. ఊరి కుర్రాళ్లు వైరు లాగుతున్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు బండమీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. మా వెనకే కర్ర పొడుచుకుంటూ పెద్దబాపు కూడా వచ్చాడు.

పీకో చెల్లె చీర విప్పి మడతపెట్టి బండమీద పెట్టింది. లోపల మా స్విమ్మింగ్ డ్రెస్సే, ఫుల్ హ్యాండ్స్, కాళ్లదాకా నల్లటి నైలాన్. జుట్టు క్యాప్ కిందికి తోసుకుంది. ఎవరివైపూ చూడలేదు. మెల్లగా బండ దిగి నీళ్లలో కాలు పెట్టింది.

అంతకుముందే, ఆమె చీరమీద చెయ్యి వేయగానే, పెద్దబాపు కదిలాడు. ఆమెకు వీపు పెట్టి, గుట్టవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన్ని చూసి బీడీలవాళ్లు తిరిగారు. కుర్రాళ్లు వైరు కింద పెట్టి వాళ్లూ తిరిగారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నా కళ్లముందు మగవాళ్ల వీపులు వరసగా. నాకు కూతురు పుట్టినప్పుడు నర్సింగ్ హోమ్ వరండాలో మా అత్తగారింటి మగవాళ్లు ఇలాగే తిరిగి నిలబడ్డారు. అది గుర్తొచ్చి కోపమొచ్చిందని ఇప్పుడు చెప్పొచ్చు, కానీ అది సాకు. నాకు కోపం రావడానికి ఏదీ గుర్తు రానక్కర్లేదు.

"ఏం పెద్దాయనా, అటు తిరిగినవేంది?" అన్నాను.

ఆయన వినబడనట్టే కూర్చున్నాడు.

"నిన్నే. మీ ఇంటి బిడ్డ నీళ్లల్ల దిగుతుంటే మొఖం తిప్పుకునుడేంది? ఆమె ఏం తప్పు చేసింది?"

"ఏం లేదు బిడ్డా. జర నీడకు కూసున్న."

ఎండ ఆయన మొహంమీద నిలువునా పడుతోంది. దొరికాడు అనుకున్నాను. "నీడ ఇటుంది పెద్దాయనా. నువ్వు ఎండకు కూసున్నవ్."

ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. వాదించేవాళ్లకు మాత్రమే తెలుస్తుంది ఆ నవ్వు ఎంత బలమిస్తుందో. నీళ్లలోంచి పీకో చెల్లె "అక్కా, ఊకో. ఊకో అక్కా" అంటోంది. నాకు వినబడింది. భయపడుతోంది అనుకున్నాను. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారు కదా, ఇంకెందుకు భయం అనుకున్నాను.

"నువ్వుండు" అని ఆమెను గదిమి ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. "సీదా చెప్పు. ఆమె దిగుడు నీకు ఇష్టమా, కాదా? ఇష్టమైతే ఇటు తిరిగి, దిగు బిడ్డా అని నోటితోని అను. కాకుంటే కాదను. ఈ దాచుకునుడేంది?"

"నన్ను అడగకు బిడ్డా" అన్నాడు ఆయన.

గొంతు తగ్గించి, దాదాపు బతిమాలినట్టే అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజు మాత్రం అది తప్పించుకునేవాడి గొంతులా వినబడింది.

"ఎందుకడగద్దు? అడుగుత."

కుర్రాళ్లు ఇటు తిరగనే తిరిగారు. అందులో ఒకడు, పాపం వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "తాతా, నిన్ననే గా కాలేజీ పోరగాండ్లను వెళ్లగొడితివి. మరి గిప్పుడేమంటవ్?"

పెద్దబాపు ఆ కుర్రాణ్ణి చూశాడు, కంచె కడీలను చూశాడు. నీళ్లలో మోకాళ్లదాకా నిలబడ్డ తమ్ముడి బిడ్డను చూశాడు. అంతవరకూ ఆయన ఆమెను ఆ బట్టల్లో చూడలేదు.

"వద్దు" అన్నాడు.

పీకో చెల్లె వెనక్కి తిరిగి బండ ఎక్కింది. తడి నైలాన్ మీదే చీర చుట్టుకుంది. క్యాప్ తీయడం కూడా మరిచిపోయింది, చాలాసేపు క్యాప్‌తోనే ఉంది.

ఇక్కడ దాచకూడని మాట ఒకటుంది. ఆ క్షణంలో నాకు సంతోషంగా ఉంది. "చూసినవా, లోపలున్నది బయటికొచ్చింది" అన్నాను ఆమెతో. గెలిచినప్పుడు నా ఊపిరి ఒక రకంగా ఎగపడుతుంది, అలా ఎగపడుతోంది. పెద్దబాపు ఒడ్డుకు పోయి గొంతుక్కూర్చుని గుండం నీళ్లతో నోరు పుక్కిలించాడు. మళ్లీ పుక్కిలించాడు. ఎంతకీ ఆపడే. ఈ ముసలాయన డ్రామాలు చూడు అనుకున్నాను.

భోజనాలు వాళ్లింటి వాకిట్లోనే. మా బ్యాచ్ తెచ్చిన పులిహోరా దద్దోజనమూ ఒకవైపు, వాళ్లు వండిన పప్పుచారు ఒకవైపు. వదినె గంటె పట్టుకుని నా విస్తరి దగ్గర ఆగింది.

"మా మామను అడిగింది నువ్వేనా?"

"నేనే" అన్నాను, ఇంకా ఆ ఊపులోనే.

"ఏం చదువుకున్నవ్?"

"డిగ్రీ."

"నేను సుత డిగ్రీనే. చదువు తోటి వచ్చే బీమారి కాదన్నమాట ఇది." చారు పోసింది. "మా మామ మొఖం తిప్పుకున్నడంటే పో బిడ్డా అన్నట్టు. నీకు గది సుత తెల్వదా?"

తెలియదన్నాను. చెప్పింది. గుండం దగ్గర ఊరి ఆడబిడ్డ ఎవరినీ ఎవరూ ఏమీ అడగరు. ఆడబిడ్డా ఎవర్నీ అడగదు. అన్నలు ఒక్క మాట అడిగే చెల్లెను పోగొట్టుకున్నారు కదా, అందుకని. ఆమె నీళ్లవైపు నడిస్తే మగవాళ్లు అటు తిరిగి కూర్చుంటారు. చూస్తే అడగాలి, అడిగితే జవాబుండాలి. చూడకపోతే ఏదీ లేదు. ఊరు తీర్మానం ఊరిదే, ఆడబిడ్డ పోవడం ఆడబిడ్డదే.

"పొద్దున ఆమె సంచిల కండ్లద్దాలు చూసినప్పుడే మామకు అర్థమైంది. ఆమె దిగుతదని తెలిసే ఆడికొచ్చిండు. కూసోని అటు తిరగనీకే వచ్చిండు. పెద్దమనిషి తిరిగితే గద మిగతోళ్లు తిరుగుతరు."

"మరి నాకెవరు చెప్పిన్రు?"

"నిన్నెవరు అడగమన్నరు?"

నా దగ్గర జవాబు లేకపోలేదు. మగవాళ్లు కళ్లు మూసుకుంటే తప్ప దొరకని స్వేచ్ఛ ఏం స్వేచ్ఛ అని నోటిదాకా వచ్చింది. ఆ మాటలో ఇప్పటికీ తప్పు లేదనే అంటాను, ఎవరొచ్చినా వాదిస్తాను. కానీ పీకో చెల్లె స్వేచ్ఛ కోసం రాలేదు. రాతి అరుగుమీద రెండు గాజులున్నాయో లేవో చూడటానికి వచ్చింది. ఆ తేడా నా విస్తరి ముందు కూర్చున్నాక తెలిసింది నాకు.

"పోనీ, ఇప్పుడు మళ్లీ పోదాం. ఆయన మళ్లీ అటు తిరిగి కూసుంటడు" అన్నాను.

వదినె నన్ను జాలిగా చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "నోటితోని వద్దన్నంక ఇంకెంత తిరిగితే ఏమున్నది? వద్దన్న కాడ ఆడబిడ్డ ఎట్ల దిగుతది? ఆనాడు గడపల అన్నలన్నరు, మల్ల ఆ నీళ్ల కాడ ఆడబిడ్డను ఒక మాటన్నది ఇగో, మా మామనే."

అన్నం వదిలేసి లేచాను. పెద్దబాపు ఇంటి వెనక మంచంమీద ఒరిగి ఉన్నాడు, తినలేదట. నాకు క్షమాపణ చెప్పడం రాదు. ఎప్పుడూ "నేనేమన్నానంటే" అని మొదలుపెడతాను, అది మళ్లీ వాదన అవుతుంది. ఆ రోజు "నాకు తెల్వదు పెద్దాయనా" అని మాత్రం అనగలిగాను.

"నీకెట్ల తెలుస్తది బిడ్డా" అన్నాడు. మంచంమీద లేచి కూర్చుని, "తిన్నవా?" అన్నాడు.

తిన్నానని అబద్ధమాడాను. అలా అబద్ధమాడితే అయినా ఆయన ఊరుకుంటాడని.

తిరుగు ప్రయాణంలో పీకో చెల్లె నా పక్కనే కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి ఉంటే సీతాఫలం ఒకటి విప్పి సగం నా చేతిలో పెట్టింది. "మనసుల పెట్టుకోకక్కా. నువ్వు నా కోసమే అన్నవ్ గద." నేను పట్టుకున్న సగం పట్టుకున్నట్టే ఉండిపోయింది.

ముందు సీట్లో బ్యాంకు మేడమ్ ఎవర్నో అడిగి ముక్కలు ముక్కలుగా సంగతి పోగుచేసుకుంటోంది. చేవెళ్ల దాటేసరికి కథ తయారైంది. మైల వచ్చి చేరింది, చీదరింపు వచ్చి చేరింది, ఊరంతా వచ్చి చేరింది. చివర్లో "మన లాయరమ్మ గారికి ఒకసారి చప్పట్లు కొట్టండమ్మా" అంది. టెంపో అంతా చప్పట్లు. పీకో చెల్లె తల వంచుకుని గింజలు కాగితంలో ఉమ్ముతోంది. ఆమె కాదనలేదు. నేనూ కాదనలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని కూర్చున్నది అప్పుడే, నోరు తెరవాల్సింది సరిగ్గా అప్పుడే. పెద్దబాపు అలాంటివాడు కాదని ఒక్క మాట చాలు. చెబితే నేనేం చేశానో కూడా చెప్పాలి. అమీర్‌పేట దాకా చెప్పలేదు. ఆ తర్వాత చెప్పబోతే ఎవరికీ అక్కర్లేకపోయింది, ఆ కథే అందరికీ నచ్చింది.

గేటుకు తాళం పడింది. వైరు మీద బోర్డు కూడా పెట్టారట. నేను మధ్యలో ఒకసారి ఆవేశపడి, ఊరి పెద్దలతో నేను మాట్లాడతాను, పర్మిషన్ తెస్తాను అన్నాను. పీకో చెల్లె మిషన్ తొక్కడం ఆపి, దారం నోట్లోంచి తీసి అంది. "అక్కా, నీకు దండం పెడత. ఇంగ ఎవ్వర్ని ఏం అడగకు."

కోపంగా అనలేదు. ఆమెకు నామీద కోపం లేదు, అదే నన్ను తినేస్తోంది. మొన్న నా జాకెట్టుకు చంక దగ్గర వదులు చేసి ఇచ్చింది, ఎప్పటిలాగే. పూల్‌కు ఎప్పటిలాగే వస్తుంది. లోతున్న వైపుకు పోయి, ముక్కు పట్టుకోకుండా, కళ్లు తెరిచి కిందికి పోతుంది. కొత్త కోచ్ ఆమెను చూపించి మిగతావాళ్లకు చెబుతుంది, ఊపిరి బిగబట్టడమంటే అట్లుండాలె అని. నేను ఇవతలి గట్టు పట్టుకుని కాళ్లాడిస్తూ ఆమె మీదికి వచ్చేదాకా చూస్తాను. వచ్చి, నన్ను చూసి నవ్వుతుంది.

ఎవర్నైనా ఏదైనా అడగగలిగే నేను, ఆమెను ఒక్కటి అడగలేకపోతున్నాను. ఆ రోజు బట్టల గదిలో అన్నీ చెప్పింది. అన్నల మాట, గాజుల చప్పుడు, తల్లి మంచంలో అడిగిన మాట, తల్లికి తనాడిన అబద్ధం కూడా. మగవాళ్లు అటు తిరిగి కూర్చుంటారన్నది మాత్రం చెప్పలేదు. మరిచిపోయిందని నేననుకోను, బట్టలో ఒక కుట్టు కూడా మరిచిపోయే మనిషి కాదు. అయితే ఎందుకు చెప్పలేదు? నేను కూడా ఆడదాన్నే కదా, ఈ నేలదాన్నే కదా, చెప్పకపోయినా తెలుస్తుందని నన్ను నమ్మిందా? లేక చెబితే దానిమీదా వాదన పెట్టుకుంటానని ముందే భయపడిందా?